ఇరవై రెండు గాలి కంతలు

ఏప్రిల్ 9

మామయ్యగారికి నమస్కారాలు.

మీ తుంటి ఎముక అతుక్కుందనీ, చేతికర్రతో బావగారి ఫ్లాటు హాల్లో నాలుగు చుట్లు తిరుగుతున్నారనీ అక్క చెప్పింది. సంతోషం. ఫోన్లో మీతోనే మాట్లాడదామంటే మన సంగతి తెలిసిందే. పోయిన వారం "గడుగ్గాయికి దగ్గు ఎక్కువైంది మామయ్యా" అని నేను గొంతు చించుకుంటే, "సిగ్గు ఎక్కువైందా? పోన్లే, తొమ్మిదేళ్ళొచ్చాయి, కాస్త ఉండాలి" అన్నారు. మీ మనవరాలికి సిగ్గు రాలేదు, వచ్చే సూచనలూ లేవు. వచ్చింది దగ్గు. అందుకే ఉత్తరం.

మేమిద్దరం పడుకునే పై గది గురించి చెప్పాలి. నిన్న మధ్యాహ్నం మూడింటికి వీధిలో ముప్ఫై మూడు డిగ్రీలు. పై గదిలో ముప్ఫై తొమ్మిది. నోటికొచ్చిన అంకె కాదు, మా బస్సు డిపో నుంచి థర్మామీటరు తెచ్చి గోడకి తగిలించాను. సీలింగు చెక్క మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టె మీద పెట్టినట్టుంది. చలికాలం వస్తే అంతా తిరగబడుతుంది. అదే సీలింగు చెమటలు పట్టి మూలల్లో నల్లగా బూజు కమ్ముతుంది. తుడుస్తాను, మళ్ళీ వస్తుంది. డాక్టరమ్మ ఈసారి మందుల చీటీ రాసి, కలం పక్కన పెట్టి, "ఆ గది బాగుపడకపోతే నేనెన్ని రాసినా ఇంతే" అంది.

ఇంకో సంగతి. సోమవారం ఒక ఇళ్ళ బ్రోకరు వచ్చాడు. బావగారు పంపారట. మెట్లెక్కి పై గదిలో నిమిషం నిలబడ్డాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "ఇందులో మనుషులెలా ఉంటున్నారమ్మా? ఇంటికి విలువ లేదు, దీని కింద నేలకే" అన్నాడు. "ఎలా ఉంటున్నామో చూశారుగా. ఇక దిగండి" అన్నాను.

పద్నాలుగేళ్ళుగా బస్సు సీట్లు కుడుతున్నదాన్ని. ఎండలో నిలబెట్టిన బస్సు సంగతి నాకు తెలుసు. దాని కప్పులో రెండు రేకుల మధ్య దూది పరుపు ఉంటుంది, పైన గాలి పోవడానికి మూత ఉంటుంది. బస్సుకున్నపాటి బుద్ధి మన ఇంటికి లేదు. వచ్చే సెలవు రోజున నడవలోని మూత తీసి అటక ఎక్కుతున్నాను. మిమ్మల్ని అనుమతి అడగడం లేదు, ఎక్కబోతున్నానని చెబుతున్నానంతే.

మీ చిన్న కోడలు


ఏప్రిల్ 19

అమ్మాయికి,

ఆశీస్సులు. ముందే ఇచ్చేస్తున్నాను. ఎందుకంటే కింద రాసేవి ఆశీస్సుల్లా ఉండవు.

ఆ కప్పు నేను కట్టాను. దూలం దగ్గర్నుంచి కొప్పు పెంకు దాకా ఇంకొకడి చెయ్యి పడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క చుక్క కారిందేమో చెప్పు. గాలివానకి మన వీధిలో ఏడిళ్ళ పెంకులు లేచిపోతే మన ఇంటిది ఒక్కటి కదల్లేదు. అలాంటి కప్పుకి బుద్ధి లేదని సీట్లు కుట్టే పిల్ల నాకు రాస్తుందా!

అసలు సంగతి నాకు తెలిసిందిలే. బ్రోకర్ని పిలిపించింది నువ్వేనట కదా. పెద్దాడు చెప్పాడు. "తనకే అక్కడ ఉండాలని లేదు నాన్నా, మీకు చెప్పలేక కప్పు మీదికి తోస్తోంది" అన్నాడు. చిన్నాడు పోయాక ఇల్లు నీకు బరువైందేమో. అదే నిజమైతే సూటిగా రాయి, అర్థం చేసుకుంటాను. నా పనికి వంకలు పెట్టి చెప్పకు.

అటక ఎక్కొద్దు. అక్కడ నడవడానికి చోటు లేదు, వాసం మీద కాక చెక్క మీద అడుగేశావంటే సరాసరి మంచం మీదికి దిగుతావు. ఉక్కగా ఉంటే కిటికీ తెరువు. మేమందరం అలాగే బతికాం. ఇంటికి పరుపులు పరచడమేమిటి, అదేమన్నా బాలింతా?

పిల్లని అడిగానని చెప్పు.

మామయ్య


ఏప్రిల్ 27

మామయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఇంకా కోపంతో.

బ్రోకర్ని నేను పిలవలేదు. పిలిచే ఉద్దేశమే ఉంటే వాణ్ణి మెట్లు దించేదాన్ని కాదు, టీ ఇచ్చేదాన్ని. బావగారు ఎందుకలా చెప్పారో ఆయన్నే అడగండి. ఈ ఇంట్లోంచి నేను కదలను. మీ చిన్నబ్బాయి ఈ ఇంట్లో పుట్టి ఈ ఇంట్లో పోయాడు. నా కూతురు ఇక్కడే పెరుగుతోంది. కాకపోతే దగ్గకుండా పెరగాలి. నేనడుగుతున్నది అంతే.

అటక ఎక్కాను. మీరొద్దన్న ఉత్తరం వచ్చేసరికే ఎక్కి దిగాను. వాసాల మీద పలక వేసుకుని పాకాను, మంచం మీద పడలేదు. మీ పని చూశాను. మామయ్యా, కోపంలో ఉన్నా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అంత అందమైన కొయ్యపని నేనెక్కడా చూడలేదు. దూలానికీ వాసానికీ మధ్య గోరు దూరదు.

మీరు గాలికి దారులు కూడా వదిలారు! చూరు పొడవునా అటు పదకొండు, ఇటు పదకొండు, మొత్తం ఇరవై రెండు కంతలు. కొప్పు కింద రెండు వైపుల గోడల్లో రెండు జాలీలు. చల్లగాలి చూరు దగ్గర లోపలికి రావాలి, వేడిగాలి పైనుంచి పోవాలి. బస్సుల బాడీ మేస్త్రి కాగితం మీద గీసి చూపించింది కూడా అచ్చం ఇదే. మీరు ముప్ఫై ఏళ్ళ కిందటే చేసిపెట్టారు.

ఆ తర్వాత ఎవడో మూర్ఖుడు వాటన్నిటినీ చెక్కలు పెట్టి మూసేశాడు. ఒక్కో చెక్కకి ఎనిమిదేసి మేకులు. జాలీల మీద కూడా అడ్డదిడ్డంగా పలకలు. ఎలకలకి భయపడ్డాడో, దెయ్యాలకి భయపడ్డాడో! కంత మూసేముందు ఒక్క క్షణం, ఈ పని చేసిన మేస్త్రి ఇది ఎందుకు వదిలాడు అని ఆలోచించలేదు. పైగా బాత్‌రూం ఫ్యాను గొట్టం బయటి దాకా పోకుండా అటకలోనే ఆగిపోయింది. మేం స్నానం చేసిన ఆవిరంతా ఇన్నేళ్ళూ మీ వాసాలే తాగుతున్నాయి. రెండు వాసాల చివర్లు మెత్తబడ్డాయి. వేలు పెడితే దిగింది.

వాడెవడో మీకు గుర్తుంటే పేరు చెప్పండి. వెళ్ళి నాలుగు దులిపి వస్తాను.

మీ కోడలు


మే 4

అమ్మాయికి,

ఆ మూర్ఖుణ్ణి నేనే.

మీ అత్తగారి ఆఖరి చలికాలం అది. నువ్వింకా మా ఇంటికి రాలేదు. పై గదిలోనే మంచం. రెండు దుప్పట్లు, మూడు దుప్పట్లు, నా కోటు. అయినా "చలి, ఎక్కడినుంచో గాలి తగుల్తోంది" అనేది. డాక్టర్లు చేసేది చేస్తున్నారు. పెద్దాడు మందులు తెస్తున్నాడు, చిన్నాడు కాళ్ళ దగ్గర కూర్చుంటున్నాడు. నాకు చేతనైంది కొయ్యపని ఒక్కటే. నిచ్చెన వేసుకుని పైకెక్కి, గాలి వచ్చే చోటల్లా మూసుకుంటూ పోయాను. ఒక్కో చెక్కకి ఎనిమిదేసి మేకులని రాశావు. కొడుతున్నంతసేపూ ఏదో చేస్తున్నట్టు ఉండేది.

దిగి వచ్చాక, "ఇప్పుడు బాగుంది" అంది. నిజంగా బాగుందో, నా కోసం అందో తెలియదు. ఫిబ్రవరిలో పోయింది.

ఆ చెక్కలు తియ్యకు. గది వేడిగా ఉంటే మీరిద్దరూ కింద గదిలో పడుకోండి. వాసాలు మెత్తబడితే బడనీ. ఆవిడకి నేను చేసింది అదొక్కటే. అది అలా ఉండనివ్వు.

బ్రోకరు సంగతి పెద్దాణ్ణి అడిగాను. "నేను అనలేదు, నీకు సరిగ్గా వినబడలేదు" అన్నాడు. నా చెవుల సంగతి నీకు తెలుసు, వాడికీ తెలుసు. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు.

మామయ్య


మే 5

మామయ్యగారికి,

జవాబు కోసం ఆగలేకపోయాను. సెలవు పెట్టి, మేకులు పీకే కడ్డీ అడిగి తెచ్చి, పొద్దున ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంటకి పని అయింది. ఇరవై రెండు కంతలూ, రెండు జాలీలూ తెరిచాను. ఆఖరిది ఊడినప్పుడు మొహానికి ఒక్కసారిగా గాలి కొట్టింది. ఆ మురికిలో, ఆ వేడిలో, అలాగే కూర్చుండిపోయాను.

కంతలకి సన్న ఇనప వల కొట్టాను, పురుగూ పిట్టా రాకుండా. ఫ్యాను గొట్టాన్ని గోడలోంచి బయటికి లాగించాను. మూడింటికి పై గదిలో ముప్ఫై ఆరు! పరుపు వెయ్యకముందే మూడు డిగ్రీలు దిగింది.

ఆ దిక్కుమాలిన చెక్కలన్నీ స్నానాల నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను. బాగా ఎండి ఉన్నాయేమో, భగ్గున అంటుకున్నాయి. వాడి పీడ వదిలింది.

పెద్ద సంతోషంలో ఉన్నాను, మీకే ముందు రాయాలనిపించింది.

మీ కోడలు


మే 10

మామయ్యగారికి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. మీది నాకు చేరిన రోజే నాది మీకు చేరి ఉంటుంది. నాది మీరు ఎలా చదివి ఉంటారో తలచుకుని ఈ కాగితం మూడుసార్లు చింపి మళ్ళీ మొదలుపెట్టాను.

చెక్కలు కాల్చినందుకు క్షమించమని అడుగుతున్నాను. మూర్ఖుడన్నందుకు, దిక్కుమాలిన అన్నందుకు అడుగుతున్నాను. అవి ఎవరి కోసం కొట్టినవో తెలిసి ఉంటే తుడిచి, కట్టగట్టి, మీ కోసం దాచేదాన్ని.

కానీ కంతలు తెరిచినందుకు మాత్రం అడగను. తెలిసి ఉన్నా తెరిచేదాన్నే. మీరు మీ భార్య కోసం ఎక్కారు, నేను నా కూతురి కోసం ఎక్కాను. అత్తయ్యగారికి చలి వేసింది, మీరు మూశారు. దీనికి ఊపిరి ఆడడం లేదు, నేను తెరిచాను. ఇందులో ఒకరు తప్పయితే ఇంకొకరు ఒప్పని నేననుకోవడం లేదు. మీరు అనుకుంటే తిట్టండి. ఎన్ని పేజీలైనా పరవాలేదు.

మీ కోడలు


ఆగస్టు 2

మామయ్యగారికి,

మూడు నెలలైంది, ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే అక్క "పడుకున్నారు" అంటుంది. సరే. మీరు పలక్కపోతే నేను రాయడం మానేస్తానని అనుకుంటే నేనెవరో మీకింకా తెలియలేదు.

రెండు మెత్తబడ్డ వాసాలకీ పక్కన కొత్త కొయ్య జోడించి బోల్టులు బిగించాం. వడ్రంగిని పిలిచాను. మీ దగ్గర పని నేర్చుకున్న సన్నటి ఆయన, నత్తి ఉన్నాయన. కప్పు చూసి, చెప్పులు కిందే విడిచి ఎక్కాడు.

పరుపులు కూడా పరిచాను. రాతిని కరిగించి దూదిలా లాగుతారట, నిప్పంటుకోదు. సీటు స్పాంజి పనికిరాదా అని మా మేస్త్రిని అడిగితే, "ఇల్లు తగలబెట్టుకోవడానికా?" అన్నాడు. జానెడు మందం. సీలింగు చెక్కల మీద గోడ నుంచి గోడ దాకా, సందు లేకుండా కూరాను. నా కుట్టుపనిలో సందు ఉండదు కదా, ఇందులోనూ వదల్లేదు. ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకున్నా వారం రోజులు మెడ దురదే.

ఇప్పుడు మూడింటికి ముప్ఫై ఒకటి. గడుగ్గాయి పైన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. చేస్తున్నానని అంటోంది.

మీ కోడలు


నవంబరు 18

మామయ్యగారికి,

రాయాలని లేదు. అయినా అడగడానికి మీరు తప్ప ఎవరూ లేరు.

సీలింగు కారుతోంది. వాన లేదు. చలి మొదలైన వారానికే మొదలైంది. పొద్దున లేచేసరికి పిల్ల దిండు పక్కన రెండు చుక్కలు. మూత తీసి చూస్తే పెంకుల కింద చెక్కలన్నీ తడిసి మెరుస్తున్నాయి, మేకుల మొనలకి నీటి బొట్లు వేలాడుతున్నాయి. ఇదివరకు చెమట పట్టేది. ఇప్పుడు చినుకులే.

నిన్న బావగారు చూసి వెళ్ళారు. సీలింగు వంక చూసి, "చెప్పాను కదమ్మా, ఈ ఇంటితో నువ్వు వేగలేవని. నాన్న కట్టిన కప్పుని నువ్వే పాడుచేశావు" అన్నారు. కొత్త సంవత్సరానికి అమ్మకం కాగితాలు మీతో సంతకం చేయిస్తానని చెప్పి వెళ్ళారు.

నేను చేసినదాంట్లో ఎక్కడో తప్పుంది. ఎక్కడో తెలియడం లేదు. గాలి దారి తెరిచాను, పరుపు వేశాను, మరి ఎందుకు? మీకు నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి. కప్పు మీద ఉండదు కదా. దాని కోసమైనా చెప్పండి.

మీ కోడలు


నవంబరు 29

అమ్మాయికి,

నీ ఉత్తరాలు మూడూ ఈరోజే చదివాను. మే పదో తేదీది, ఆగస్టుది, మొన్నటిది, మూడూ ఒకేసారి.

ఇక్కడ ఉత్తరాల పెట్టెలు కింద మెట్ల దగ్గర ఉంటాయి. తాళం పెద్దాడి దగ్గర. నువ్వు చెక్కలు కాల్చానని రాసింది ఒక్కటే నా చేతికి వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. కాల్చేసి ఒక్క మాటైనా అనలేదు అనుకున్నాను. ఆర్నెల్లు అదే అనుకుని కూర్చున్నాను. నిన్న లిఫ్టులో ఎదురింటావిడ "మీ పెట్టె నిండిపోయింది తాతగారూ" అంది. తాళం అడిగితే పెద్దాడు "ఆఫీసులో మర్చిపోయాను" అన్నాడు. పొద్దున వాడు వెళ్ళగానే స్క్రూడ్రైవరు తీసుకుని దిగాను. రెండు నిమిషాలు పట్టింది. నా చెవులు పోయాయి గానీ చేతులు పోలేదు. విరిగిన తాళాన్ని వాడి భోజనం పళ్ళెం పక్కన పెట్టాను. వాడు చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం అన్నం తిన్నాం.

ఇప్పుడు కప్పు. చూరు దగ్గర ఎంత వదిలావు? "గోడ నుంచి గోడ దాకా సందు లేకుండా కూరాను" అన్నావు. అదీ తప్పు! ఇరవై రెండు కంతలూ తెరిచి, మళ్ళీ నీ చేత్తోనే పరుపుతో మూశావు. నేను మేకులతో మూశాను, నువ్వు దూదితో మూశావు. మూర్ఖులం ఇద్దరమయ్యాం, నాకు తోడు దొరికింది.

చూరు దగ్గర పరుపు వెనక్కి లాగు. కప్పు చెక్కకీ పరుపుకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి. ప్రతి రెండు వాసాల మధ్యా పల్చటి చెక్క ఏటవాలుగా కొట్టు, పరుపు మళ్ళీ జారి కంత మీద పడకుండా. రెండోది, సీలింగులో కరెంటు తీగలు పైకి వెళ్ళే రంధ్రాలు, అటక మూత అంచులు చూడు. వంటింటి ఆవిరి, మీ ఊపిరి, అన్నీ అందులోంచి పైకి పోతాయి. ఇదివరకు సీలింగు వేడి కాస్త పైకి పోయి కప్పు వెచ్చగా ఉండేది. ఇప్పుడు పరుపు వేడిని ఆపింది, కప్పు చల్లబడింది, ఆవిరి దాన్ని తాకగానే నీళ్ళవుతోంది. ముందు రంధ్రాలు మూసి తర్వాత పరుపు వెయ్యాలి. పక్క కాగితం మీద బొమ్మ గీశాను. గీత వంకరగా ఉంది. నువ్వు తిన్నగా చెయ్యి.

ఒక మాట అడుగుతాను, ఇంకెవరినీ అడగలేను. మీ అత్తగారికి ఆ నెలల్లో దగ్గు పెరిగింది. జబ్బు ముదిరిందనుకున్నాం. నీ ఉత్తరాల్లో ఆ బూజు, ఆ తడి గురించి చదివాక నాకు వేరేగా తోస్తోంది. ఆ గదిని ఊపిరాడకుండా మూసింది నేను కదా.

మామయ్య


డిసెంబరు 12

మామయ్యగారికి,

కారడం ఆగింది. మీ వంకర బొమ్మని మూతకి అంటించుకుని తిన్నగా చేశాను. తీగల రంధ్రాలకి మైనం లాంటి ముద్ద పెట్టాను. అటక మూత చుట్టూ బస్సు తలుపు రబ్బరు కుట్టాను. ఇప్పుడు మూస్తే 'బుస్' అని నిట్టూరుస్తుంది. వారం రోజులుగా పెంకుల కింద చెక్కలు ఎండుగా ఉన్నాయి. పరుపు సందు లేకుండా ఉండాలన్న నా గర్వం కూడా కాస్త ఎండింది.

మీరడిగినదానికి జవాబు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, దాపరికం లేకుండా మొత్తం చెప్పి అడిగాను. "ఆవిడ జబ్బు ఊపిరితిత్తుల్లో మొదలైంది కాదు. ఆ గది వల్ల దగ్గు కొంచెం పెరిగిందేమో, లేదేమో. ప్రాణం మాత్రం గది తియ్యలేదు" అంది. నేనేమీ మెత్తగా చెయ్యకుండా ఆవిడన్న మాటలే రాశాను. ఆ 'కొంచెం పెరిగిందేమో'ని మీరు పట్టుకుని కూర్చుంటారని నాకు తెలుసు. కూర్చోవడానికి వీల్లేదు. తుంటి విరిగినవాళ్ళు ఎక్కువసేపు కూర్చోకూడదు.

అందుకని ఇంటికి వచ్చేయండి. కింద గది ఖాళీ చేశాను. లిఫ్టు లేదు, మెట్లకి రెండు వైపులా కమ్మీ పెట్టించాను. బావగారు ఒప్పుకోరంటారా? మీ వయసెంత, ఆయన ఒప్పుకోవడమేమిటి? ఏప్రిల్లో కొత్త మిషన్ల శిక్షణకి డిపోవాళ్ళు నన్ను మూడు వారాలు వేరే ఊరు పంపిస్తున్నారు. పిల్ల దగ్గర ఎవరైనా ఉండాలి. జాలితో పిలుస్తున్నాననుకోకండి. అవసరం నాది.

మీ కోడలు


ఏప్రిల్ 23

అమ్మాయికి,

మన ఇంటి నుంచి ఆశీస్సులు. నువ్వు వెళ్ళి పది రోజులైంది. గడుగ్గాయి బాగుంది. దగ్గు లేదు. సిగ్గు కూడా లేదు. నేను రోజూ ఒకసారి కమ్మీ పట్టుకుని పై గదికి ఎక్కుతున్నాను. ఎక్కొద్దన్నావు, ఎక్కుతున్నాను.

నిన్న పెద్దాడు వచ్చాడు. వెంట ఒక బట్టల వ్యాపారి, భారీ మనిషి. ఇల్లు కొని పడగొట్టి గోడౌను కడతాడట. మధ్యాహ్నం రెండింటికి తెచ్చాడు. ఆ వేళకే ఎందుకు తెచ్చాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. వీధిలో కుక్క కూడా లేదు. పెద్దాడి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"పై గది చూపించు నాన్నా, ఎలా ఉంటుందో ఆయన కూడా చూస్తాడు" అన్నాడు.

"రండి" అని ముందు నేనే ఎక్కాను.

వ్యాపారి లోపలికి వచ్చి, నా పడక కుర్చీలో కూలబడి, గోడలన్నీ వెతికాడు. "ఏసీ ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

"లేదు."

"మరి..."

"పైన గాలి ఆడుతుంది. కింద దూది పరుపు ఉంది. మా కోడలు చేసింది."

"మీరు కాదా? వడ్రంగి మీరని మీ అబ్బాయి చెప్పాడు."

"నేను మూశాను. అది తెరిచింది" అన్నాను. ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. అన్నాక ఏమీ కాలేదు.

పెద్దాడు కాగితాల సంచి విప్పుతున్నాడు. సంచి విప్పేలోపే వ్యాపారి నిద్రపోయాడు! నోరు తెరుచుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, హాయిగా. పెద్దాడు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. రెండోసారి సవరించుకున్నాడు. మీ పిల్ల తలుపు దగ్గర నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ఏం చేస్తాడు, పెద్దాడు కూడా గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. చాలాసేపు సీలింగు వంక చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి జరిగి, నాకు వినబడేలా అన్నాడు.

"ఉత్తరాలు నేనే దాచాను నాన్నా."

"తెలుసు."

"నాకు డబ్బు ఆశ కాదు. ఈ గదిలోకి వస్తే అమ్మ దగ్గు వినబడుతుంది నాకు. ఇల్లే లేకపోతే అది వినబడదనుకున్నాను. నువ్వు కూడా ఇక్కడికి రాకూడదనుకున్నాను."

"ఇప్పుడు వినబడుతోందా?"

వాడు చెవి ఒగ్గి విన్నాడు. "ఇతని గురక తప్ప ఏమీ వినబడట్లేదు" అన్నాడు. మేమిద్దరం ఎన్నాళ్ళకో కలిసి నవ్వాం. నవ్వుతూనే వాడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

వాణ్ణి నేను క్షమించానా అంటే ఇంకా లేదు. నిన్ను అన్న మాటలకి వాడు నీకే చెప్పుకోవాలి. చెప్పుకుంటాడు, నేను వదలను. నువ్వు మాత్రం వెంటనే మెత్తబడకు. ఒక వారం బిగుసుకుని ఉండు.

వ్యాపారి గంటకి పైగా పడుకుని లేచి, చాలా సిగ్గుపడ్డాడు. ఇల్లు కొనే మాట ఎత్తలేదు. మెట్లు దిగుతూ ఆగి, "మా ఇంట్లో పై అంతస్తులో మా అమ్మ ఉంటుంది. వేసవి అంతా తడిగుడ్డ కప్పుకుని పడుకుంటుంది. మీ కోడలు ఒకసారి వచ్చి మా కప్పు చూస్తుందా?" అని అడిగాడు. చిరునామా రాయించి ఉంచాను. వెళ్ళాలో వద్దో నీ ఇష్టం. వెళ్తే చూరు దగ్గర నాలుగు వేళ్ళు వదలమని ముందే చెప్పు, పనివాళ్ళు నీలాగే కూరేస్తారు.

పెద్దాడు బయల్దేరి వీధి చివరి దాకా వెళ్ళాడు. చూస్తే కాగితాల సంచి కుర్చీ పక్కనే ఉంది. పిల్లని పంపి వెనక్కి పిలిపించాను. సంచి చేతికిచ్చి, "ఇది తీసుకెళ్ళు. ఈసారి వచ్చేటప్పుడు నీ పిల్లల్ని తీసుకురా. సంచి తేకు" అన్నాను. వాడు గుమ్మంలో నిలబడి, "పిల్లలకి పై గదిలో పక్కలు సరిపోతాయా నాన్నా?" అని అడిగాడు.

సరిపోతాయని చెప్పాను. నువ్వు వచ్చేటప్పుడు నాలుగు దిండ్లకి సరిపడా దూది తీసుకురా.

మామయ్య